దుక్క ఇనుము మోత - టెయిలర్ లెక్క

ఉన్నత పాఠశాలలో ‘పని’ అను పాఠము చెప్పునప్పుడు ప్రతి ఉపాధ్యాయునికి ఒక ఇబ్బంది ఎదురగును. బలమును, ఆ బలము దిశలో వస్తువు కదలిన దూరమును గుణించగా వచ్చునది పని. ఈ నిర్వచనము ప్రకారము 50 కిలోల బియ్యపు బస్తాను వీపున వేసుకొని చదునైన నేలపై మైలు దూరము నడచిన హమాలీ ఆ బస్తాపై చేసిన పని సున్న. అతని బలము నిలువుగా పైకి. ప్రయాణము అడ్డముగా ముందుకు. రెండింటి నడుమ లంబకోణము. ఒక సంవత్సరము నేనీ మాట చెప్పగానే వెనుక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, “అయితే కూలి దేనికిస్తున్నారండీ?” అని అడిగినాడు. తరగతి అంతయు నవ్వినది. నేనును నవ్వినాను గాని, ఆ గంటలో నేనిచ్చిన సమాధానము నాకే తృప్తి కలిగించలేదు.

అదే బస్తాను బల్ల మీద పెట్టి చూడుడు. బల్ల ఎన్ని దినములైనను అలసిపోదు. దానికి తిండి అక్కరలేదు. మనుష్యుని కండర మట్టిది కాదు. కండరపు పోగులలో ఆక్టిన్, మయోసిన్ అను రెండు విధములైన సన్నని తంతువులు కలవు. మయోసిన్ తంతువు తలలు పక్కనున్న ఆక్టిన్‌ను పట్టుకొనుట, లాగుట, విడుచుట, మరల పట్టుకొనుట - బరువును కదలక నిలిపి ఉంచినంతసేపు ఇది జరుగుచునే ఉండును. ప్రతి పట్టుకును ఏ.టి.పి. అను పదార్థపు అణువొకటి ఖర్చగును. అంతేకాదు. గట్టిగా బిగిసిన కండరము తనలోని రక్తనాళములను తానే నొక్కివేయును. కావలసినంత రక్తము అందదు. అలసట త్వరపడి వచ్చును. బస్తాపై జరిగిన యాంత్రికమైన పని సున్న అయినను, హమాలీ శరీరములో ఖర్చయిన శక్తి సున్న కాదు. కుర్రవాని ప్రశ్నకు ఇది సగము జవాబు. మిగిలిన సగము, అనగా ఎంత బరువును ఎంతసేపు మోసినచో మనిషి ఎంత అలసిపోవును అను లెక్క, భౌతికశాస్త్ర పాఠములో దొరకదు.

ఆ లెక్క కొరకు పందొమ్మిదవ శతాబ్దపు చివరి ఇరువది ఏండ్లలో అమెరికా ఉక్కు కర్మాగారములలో తిరిగిన ఇంజనీరు ఫ్రెడరిక్ విన్‌స్లో టెయిలర్ (1856-1915). అతడు 1911లో ప్రకటించిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైంటిఫిక్ మేనేజ్‌మెంట్’ అను చిన్న గ్రంథము ‘శాస్త్రీయ నిర్వహణ’ అను మాటకు లోకమంతట వ్యాప్తి తెచ్చినది. వాణిజ్యశాస్త్రము, నిర్వహణశాస్త్రము చదువు విద్యార్థులకు నేటికిని ఈ పేరు తగులుచునే యుండును. గ్రంథములోని ఉదాహరణలలో మిక్కిలి ప్రసిద్ధమైనది దుక్క ఇనుపదిమ్మల మోత. సరకుల మోతను బాగుచేయుట ఎట్లు అను విషయమున ఇంతగా ప్రచారము పొందిన కథ మరొకటి లేదేమో. అందులో విజ్ఞానమెంత, కథ ఎంత అని విచారించుటయే ఈ వ్యాసము పని.

మొదట కథ. 1898లో స్పెయిన్‌తో అమెరికాకు యుద్ధము వచ్చినది. పెన్సిల్వేనియాలోని బెత్లెహాం ఉక్కు కర్మాగారము పక్కన ఖాళీ పొలములో, ధర రాక అమ్ముడుపోని దుక్క ఇనుము 80,000 టన్నులు చిన్న చిన్న కుప్పలుగా పడి ఉండెను. యుద్ధముతో ధర పెరిగినది, సరకు అమ్ముడైనది. రైలుపట్టాలను పొలములోనికి వేసి, పెట్టె పక్కకు ఒక పలకను ఏటవాలుగా ఆనించినారు. కూలీ కుప్ప నుండి సుమారు 92 పౌనుల దిమ్మను ఎత్తుకొని, పలక మీదుగా ఎక్కి, పెట్టెలో పడవేసి దిగిరావలెను. సుమారు 75 మంది కూలీలు తలకు రోజుకు 12½ టన్నుల చొప్పున ఎక్కించుచుండిరి. మంచి కూలీ 47½ టన్నులు ఎక్కించగలడని టెయిలర్ తేల్చినాడు. 1899లో ‘ష్మిట్’ అను కూలీని ఎన్నుకొని, 1 డాలరు 15 సెంట్ల దినకూలిని 1 డాలరు 85 సెంట్లు చేసి, పక్కన ఒక మనిషిని నిలిపి, అతడు ఎత్తుమన్నప్పుడు ఎత్తుము, కూర్చుండుమన్నప్పుడు కూర్చుండుము అని చెప్పించగా, ష్మిట్ సాయంకాలమునకు 47½ టన్నులు ఎక్కించినాడట.

ఈ అంకెలను విద్యార్థులచేత మన కొలతలలోనికి మార్పించుట మంచి అభ్యాసము. ఇక్కడి టన్ను 2,240 పౌనుల పెద్ద టన్ను. 92 పౌనులనగా దాదాపు 42 కిలోలు. 47½ టన్నులనగా 48,000 కిలోలకు పైచిలుకు. దిమ్మల లెక్కన 1,156. టెయిలర్ ప్రకారము బరువుతో నడచు దూరము సగటున 36 అడుగులు. కావున ష్మిట్ పది గంటలలో దాదాపు 8 మైళ్ళు దిమ్మతోను, మరి 8 మైళ్ళు వట్టి చేతులతోను నడువవలెను.

ఇక పాఠ్యపుస్తకపు ‘పని’ని లెక్కింతము. పలక పైకొస ఎత్తు గ్రంథములో లేదు కనుక లెక్క కొరకు ఒకటిన్నర మీటరు అనుకొందము. 48,000 కిలోలను అంత ఎత్తునకు చేర్చుటకు 7 లక్షల జౌళ్ళు చాలును. అనగా 170 కిలోకేలరీలు. రెండు పిడికిళ్ళ అన్నము దాదాపు అంత శక్తినిచ్చును. ఇందులో విద్యార్థుల దృష్టికి తేవలసిన వింత ఒకటి కలదు. దిమ్మతో పాటు మోసినవాని దేహము కూడ 1,156 సార్లు పలక ఎక్కవలెను గదా! అతని బరువు 65 కిలోలు అనుకొన్నచో, తన దేహమును పైకి చేర్చుటకు అతడు చేసిన పని 11 లక్షల జౌళ్ళు. ఇనుమును ఎక్కించుటకంటె తన్ను తాను ఎక్కించుకొనుటకే ఎక్కువ పని జరిగినది! రెండును కలిపినను సుమారు 430 కిలోకేలరీలే. అయినను ఎనిమిది మందిలో ఒక్కడు మాత్రమే ఈ మోతకు నిలువగలడని టెయిలరే వ్రాసినాడు. పనికిని అలసటకును ఇక్కడ పొత్తు లేదని స్పష్టము.

టెయిలర్ గొప్పతనము ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయము. అతడును మొదట అడుగు-పౌనుల లెక్కనే నమ్మినాడు. బలిష్ఠులైన కూలీలకు రెట్టింపు కూలి ఇచ్చి అనేక విధములైన పనులు చేయించి కొలిచినాడు. ఒక రకపు మోతలో అశ్వశక్తిలో ఎనిమిదవ వంతుకే మనిషి సోలిపోవును. మరొక రకములో అర అశ్వశక్తికిని అంతకంటె ఎక్కువ అలసిపోడు. తాననుకొన్న సూత్రము తప్పిపోయినదని అతడు దాచలేదు. తరువాత కార్ల్ బార్త్ అను గణితజ్ఞుడు ఆ కొలతలనే వేరొక విధముగా పరిశీలించి, చూడవలసినది పని పరిమాణము కాదు, దినములో ఎంత భాగము బరువు చేతిలో ఉన్నదో అది అని కనుగొన్నాడు. 92 పౌనుల దిమ్మ మోయువాడు దినములో నూటికి 43 వంతుల కాలము మాత్రమే బరువుతో ఉండవలెను. 57 వంతులు చేతులు ఖాళీగా ఉండవలెను. దిమ్మ సగమై 46 పౌనులయినచో 58 వంతుల కాలము మోయవచ్చును. బరువు తగ్గినకొలది ఈ భాగము పెరిగి, చివరకు రోజంతయు మోసినను అలసట రాని బరువొకటి వచ్చును. విశ్రాంతి సోమరితనము కాదు, మోతలో ఒక భాగమే అని ఉక్కు కర్మాగారపు యజమానుల ఎదుట అంకెలతో చెప్పిన మనిషి పొగడ్తకు తగినవాడే.

పొగడిన పిమ్మట ఆ అంకెలనే ఒక గ్రాఫు కాగితముపై పెట్టి చూతము. అడ్డముగా బరువు, నిలువుగా మోయదగిన కాలము. మనకు ఇచ్చిన బిందువులు రెండే. రెండు బిందువుల గుండా ఒక సరళరేఖ పోవును. దానిని ఎడమకు పొడిగించుడు. 46 పౌనులు తగ్గినచో 15 వంతులు పెరిగినవి కనుక, మరి 46 తగ్గి బరువు సున్న అయినప్పుడు వచ్చునది 73. అనగా ఏ బరువును లేని మనిషి కూడ దినములో పావు వంతుకు పైగా విశ్రాంతి పొందవలెనన్నమాట! ఇది టెయిలర్ చెప్పినదానికే విరుద్ధము. కనుక ఆ సూత్రము సరళరేఖ కాదు. తేలిక బరువుల వైపున నిటారుగా పైకి వంగు వక్రరేఖ కావలెను. ఎక్కడ వంగును? ఎంత వంగును? గ్రంథములో మూడవ బిందువు లేదు. కొలతల పట్టిక లేదు, సమీకరణము లేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి తన ప్రయోగ పుస్తకములో రెండు బిందువులు పెట్టి ‘సూత్రము’ అని వ్రాసినచో మనము ఎర్రసిరాతో గీత గీయుదుము.

‘చేతులు ఖాళీ’ అను మాటను కూడ పరీక్షింపవలెను. పది గంటలనగా 600 నిమిషములు. అందులో 43 వంతులు 258 నిమిషములు. అనగా దిమ్మకు 13 సెకనులు. మిగిలినది 342 నిమిషములు. కాని దిమ్మ వేసిన తరువాత కుప్ప దగ్గరకు తిరిగి నడువవలెను గదా! అదే వేగముతో నడచినచో ఆ నడకకే మరి 258 నిమిషములు పోయి, కూర్చుండుటకు మిగులునది 84 నిమిషములు. వట్టి చేతులతో చురుకుగా, గంటకు మూడు మైళ్ళ చొప్పున నడచినచో మూడు గంటలు మిగులును. గంటన్నరకును మూడు గంటలకును గల తేడా చదువరికి చిన్నది కావచ్చును. దిమ్మలు మోయువానికి కాదు. గ్రంథకర్త మాత్రము నడకను, విశ్రాంతిని ఒకే మూటలో కట్టివేసినాడు.

47½ అను అంకె పుట్టుక మరింత విచారింపదగినది. 1974లో రెగి, పెరోని అను ఇద్దరు అమెరికా పరిశోధకులు బెత్లెహాం నాటి కాగితములను వెదకి ఈ కథను పరీక్షించినారు. టెయిలర్ సహాయకులు గిలెస్పీ, వోల్ అనువారు మొదట పదిమంది గట్టివారిని ఏరి, శక్తికొలది వేగముగా ఒక పెట్టెను నింపుమన్నారు. 14 నిమిషములలో 16½ టన్నులు ఎక్కినవి. దానిని పది గంటలకు హెచ్చించగా తలకు 71 టన్నులు వచ్చును. దానిని 75 చేసినారు. విశ్రాంతికిని, ఆలస్యములకును నూటికి 40 వంతులు తీసివేసినారు. మిగిలినది 45. ఏ అలసట సూత్రమును ఇక్కడ కనబడదు. 14 నిమిషముల పరుగు ఉన్నది, అంకెను గుండ్రముగా పైకి నెట్టుట ఉన్నది, చేతికి వచ్చిన ఒక కోత ఉన్నది. వంద గజముల పరుగు వేగమును హెచ్చించి, ఊరి నుండి ఊరికి పోవుటకు పట్టు కాలము చెప్పినట్లున్నది. ష్మిట్ అనువాడు కల్పిత వ్యక్తి కాడు. అతని అసలు పేరు హెన్రీ నోల్. అతడు నిజముగానే గట్టి కూలీ. కాని గ్రంథములో టెయిలర్‌కును అతనికిని నడచినట్లు వ్రాసిన సంభాషణ, అన్నియు అనుకొన్నట్లు సాగిన ప్రయోగము, ఆ కాగితములతో పొసగలేదు.

ఎనిమిదింట ఒక్కడు అను మాటకు మరల వత్తము. 75 మంది గుంపులో అట్టివారు తొమ్మిది మందికి మించరు. అప్పుడు 12½ నుండి 47½కు జరిగిన పెరుగుదలలో పద్ధతి వలన వచ్చినదెంత, మనుష్యుల ఏరివేత వలన వచ్చినదెంత? తరగతిలో పొడుగరులైన తొమ్మిదిమందిని వేరుగా నిలిపి, మా పాఠశాల పిల్లల సగటు ఎత్తు పెరిగినదన్నట్లు కాదా? మిగిలిన వారిలో దాదాపు అందరికి ఆ సంస్థలోనే వేరు పనులు దొరకినవని టెయిలర్ అనుచున్నాడు. కూలి విషయమును చెప్పవలెను. మోత దాదాపు నాలుగింతలైనది, కూలి నూటికి 60 వంతులు పెరిగినది. టన్నుకు 9 సెంట్లకు పైన పడినది 4 సెంట్లకు లోపల పడినది. 60కి మించి ఇచ్చినచో ఏమి? పలువురు పనికి సరిగా రారు, దుబారా చేయుదురు, చెడిపోవుదురు అని గ్రంథకర్త సమాధానము. ఇది ఏ గ్రాఫులో తేలినదో తెలియదు.

అన్నింటికంటె నాకు కష్టము తోచినది మరొకటి. ఇనుము మోయుటకు తగిన మనిషి స్వభావములో ఎద్దును పోలి ఉండవలెనని, తన మోతలోని శాస్త్రము తానే తెలిసికొనగల శక్తి అట్టివానికి ఉండదని టెయిలర్ వ్రాసినాడు. అది ఏదో ఒకచోట నోరు జారిన మాట కాదు. గ్రంథపు వాదమంతయు దాని మీదనే నిలిచి ఉన్నది. మోయువానికి తెలియదు గనుక తెలిసిన మరొకడు పక్కన నిలువవలెను. ఆ తెలిసినవాడు ఏమి చూచినాడు? మనిషిని చూచినాడు. మనిషి అడుగులను, ఊపిరిని, చేతులు ఖాళీగా ఉన్న నిమిషములను గడియారముతో కొలిచినాడు. పొలము వైపు మాత్రము చూడలేదు. కుప్పలు నేలమీదనే ఎందుకున్నవి? ప్రతి దిమ్మకును వంగవలసి వచ్చుచున్నదే, మోకాలెత్తు దిమ్మె మీద పేర్చరాదా? పట్టాలు కుప్పలకు మరికొంత దగ్గరగా పోరాదా? మనిషి తన 65 కిలోలను 1,156 సార్లు ఎందుకు పైకెక్కించవలెను? ఒక్కొక్క దిమ్మనే ఎందుకు ఎత్తవలెను? ఈ ప్రశ్నలకు ఆ అధ్యాయములో చోటు లేదు.

పారల కథ ఇంతకంటె మేలైనది. బెత్లెహాం ఆవరణలో కూలీలు ఎవరి పార వారు తెచ్చుకొనెడివారు. అదే పారతో సన్నబొగ్గు ఎత్తినచో మూడున్నర పౌనులు, ఇనుపరాయి ఎత్తినచో 38 పౌనులు వచ్చుచుండెను. పారకు సుమారు 21 పౌనులు వచ్చినప్పుడు దినములో ఎక్కువ సరకు కదలుచున్నదని టెయిలర్ కనుగొని, కర్మాగారమే పారల కొట్టు పెట్టి, రాతికి చిన్న పార, బొగ్గుకు పెద్ద పార ఇచ్చు ఏర్పాటు చేసినాడు. ఇక్కడ మార్పు మొదట పనిముట్టులో జరిగినది. తలకు దినమునకు 16 టన్నులు 59 టన్నులైనవని అతని లెక్క. ఈ లెక్కను కూడ కొంత ఉప్పు తీసివేసియే స్వీకరింపవలెను గాని, దారి సరియైనది. సరకు బరువును బట్టి పనిముట్టు మారవలెనను మాట నేటికిని చెల్లును.

ఇంకను వింత ఏమనగా, దుక్క ఇనుమునకు కావలసిన జవాబు అదే గ్రంథములో, కొన్ని పుటల అవతల ఉన్నది. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అను కట్టడపు మేస్త్రీ ఇటుకలు పేర్చు పనిని ఎట్లు మార్చినాడో టెయిలరే మెచ్చుకొని వ్రాసినాడు. మేస్త్రీ పాదముల దగ్గర ఇటుకలు పడి ఉండును. ప్రతి ఇటుకకును అతడు తన దేహమంతటిని వంచి లేవవలెను. గిల్‌బ్రెత్ గోడతో పాటు పైకి జరుపగల మంచె కట్టి, దానిపై ఇటుకలకును సున్నమునకును ఒక బల్ల అమర్చినాడు; ఇటుక చేతి ఎత్తునకు వచ్చినది. అంతటితో ఆగలేదు. తక్కువ కూలి కుర్రవాడు క్రిందనే ఇటుకలను ఏరి, మంచి అంచు పైకి వచ్చునట్లు ఒక చెక్క చట్రములో పేర్చి, చట్రముతో సహా పైకి చేర్చును. మేస్త్రీ ఇటుకను తిప్పి చూచుకొను పని తప్పినది. ఒక ఇటుకకు 18 కదలికలు పట్టునది 5 అయినవి. గంటకు 120 ఇటుకలు 350 అయినవి. ఇందులో ఎద్దువంటి మనిషిని ఏరలేదు. పక్కన నిలబడి కూర్చుండుమని చెప్పినవాడు లేడు. వంగుట పోయినది, అంతే.

ఆ చెక్క చట్రమును కొంచెము పెద్దదిగా ఊహించుడు. ఇరువదవ శతాబ్దములో గిడ్డంగుల రూపు మార్చిన వస్తువు అదియే. ప్యాలెట్ అను చెక్కబల్లపై యాబది, అరువది పెట్టెలను ఒకసారి పేర్చినచో, తరువాత వాటిని విడివిడిగా ఎవరును ముట్టనక్కరలేదు. రెండు ఇనుప నాలుకలు గల ఫోర్కులిఫ్టు బండి ఆ బల్లను అట్లే ఎత్తి లారీలోనికో, పై అరలోనికో చేర్చును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యపు సరఫరా శాఖలలో ఇది విరివిగా వ్యాపించినది. 1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడ 58 ఇనుప పెట్టెలతో నూఅర్క్ నుండి హ్యూస్టన్‌కు బయలుదేరినప్పుడు, చట్రము ఇంకను పెరిగి లారీ అంత అయినది. అంతకుముందు ఓడకూలీ ఒక్కొక్క సంచిని, పీపాను చేతితో ఎక్కించెడివాడు. ఇప్పుడు క్రేను పెట్టెను పెట్టెగనే ఎత్తినది. ఆ మార్పుతో రేవులలో వేలమంది కూలీల పని పోయినదన్న మాటను దాచరాదు. దాని పరిహారము కొరకు పలు దేశములలో పెద్ద తగవులే నడిచినవి. సరకు కదలికను బాగుచేయుటలో నాలుగింతలు కాదు, పదులింతల లాభము మాత్రము ఈ దారినే వచ్చినది. గడియారపు దారిన కాదు.

టెయిలర్ వెదకిన సూత్రమునకు నేడు వారసుడున్నది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1991లో సవరించిన ‘ఎత్తుడు సమీకరణము’ 23 కిలోలతో మొదలగును. బరువు దేహమునకు దగ్గరగా, 25 సెంటీమీటర్లలో, పిడికిలి వ్రేలాడునంత ఎత్తున, అనగా నేలకు 75 సెంటీమీటర్లపైన ఉండి, ఎప్పుడో ఒకసారి ఎత్తవలసినప్పుడే ఈ 23. దూరము 25కు బదులు 50 అయినచో హద్దు సగమై 11½కు దిగును. నేలమీది నుండి ఎత్తవలెనన్నచో 23లో దాదాపు నాలుగవ వంతు పోయి 18 కిలోల లోపునకు వచ్చును. నడుము తిరుగవలసినచో మరికొంత తగ్గును. మాటిమాటికి ఎత్తవలసినచో ఇంకను తగ్గును. ఇది ఎత్తుటకు చెప్పిన లెక్క, మోతకు కాదు. కాని దీని తీరు గమనింపుడు. ఇందులో మనిషి జాతి లేదు, కండ లేదు, స్వభావము లేదు. ఉన్నవన్నియు స్థలమునకు సంబంధించిన కొలతలు: ఎంత దూరము, ఎంత ఎత్తు, ఎంత మలుపు, ఎన్నిసార్లు. హద్దు పెరుగవలెనన్నచో బల్ల ఎత్తు మార్చవలెను. ష్మిట్ ఎత్తిన 42 కిలోలు ఈ సమీకరణపు అత్యుత్తమ హద్దుకే దాదాపు రెట్టింపు.

మన బస్తా సంగతి ఏమి? ఒకప్పుడు క్వింటాలు దాకా తూగు గోనెబస్తాలు మన హమాలీల వీపున పడెడివి. నేడు భారత ఆహార సంస్థ గిడ్డంగులకు వచ్చు బియ్యపు బస్తా 50 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారము వయోజనుడైన పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదు. మన బస్తా ఆ గీతకు లోబడినదే. 23కు మాత్రము రెట్టింపు దాటినది. అయితే బస్తా బరువొక్కటే చూచిన టెయిలర్ దారినే పోయినట్లగును. ఒక బస్తాను ఎన్నిసార్లు ఎత్తుచున్నారను లెక్క ముందు చూడవలెను.

రెండేండ్ల క్రిందట మా విద్యార్థులు ఆరుగురు, ఇద్దరు ఉపాధ్యాయులము కలిసి ఒక బియ్యపు బస్తాను మిల్లు నుండి చౌకధరల దుకాణము వరకు అనుసరించి కాగితముపై గీతలు పెట్టినాము. మిల్లులో కుట్టిన తరువాత దొంతరకు ఒకసారి, దొంతర నుండి లారీకి, లారీ నుండి పెద్ద గిడ్డంగి దొంతరకు, మరల లారీకి, లారీ నుండి చిన్న గిడ్డంగి దొంతరకు, అక్కడి నుండి కాటా మీదికి, కాటా మీది నుండి బండికి, బండి నుండి దుకాణములోనికి. ఎనిమిది మార్లు. బియ్యము బాగుపడినది ఒక్కమారును లేదు, చోటు మారినది అంతే. వీటిలో ఏది తీసివేయవచ్చునని పిల్లలు చాలసేపు తర్కించినారు. ఒకడు దొంతరలన్నిటి క్రింద చక్రములు పెట్టవలెనన్నాడు. మరొకతె గిడ్డంగి అరుగు, లారీ అడుగు ఒకే ఎత్తున ఉన్నవో లేవో కొలువవలెనన్నది. కొలిచినాము. ఒక జానెడు తేడా ఉన్నది.

చిన్న గిడ్డంగిలో పనిచేయు హమాలీ ఒకాయన, వయసు యాబది దాటినవాడు, పిల్లల గీతల కాగితము చూపించుమని అడిగి, ఆరవ గీత మీద వ్రేలు పెట్టినాడు. “ఇది అక్కరలేదు బాబూ. కాటా ఆ మూలనుంది. తలుపు ఈ మూలనుంది. బస్తాతో ఆ మూలకి పోవాలి, దించాలి, మళ్ళా ఎత్తుకొని ఇటు రావాలి. కాటాని తలుపు పక్కన, బండి ఎత్తుకి ఒక దిమ్మె కట్టి పెడితే మేము దించక్కరలేదు, ఎత్తక్కరలేదు. జరిపితే చాలు.” పిల్లలు టేపు తీసి కొలిచినారు. బస్తాతో అదనపు నడక మూలకు 20 అడుగులు, తిరిగి 20 అడుగులు. ఆనాడు వెళ్ళిన బస్తాలు 180. మొత్తము 7,200 అడుగులు. వీపున 50 కిలోలతో మైలుకు పైగా నడక. కాటా ఆ మూలనే ఎందుకు పెట్టినారని అడిగితిమి. అది కరెంటుతో నడుచు కాటా. ప్లగ్గు పెట్టు రంధ్రము ఆ గోడకే ఉన్నది.